పదకొండు వందల నలభై ఒకటో మనిషి

గురువారం సాయంత్రం నాలుగు గంటల యాభై రెండు నిమిషాలకు ఒక శిబిరం మొత్తం మాయమైంది.

రక్తం లేదు. కేక లేదు. ఏసీ గదిలో ఎవరో ఒక మీట నొక్కారు. అంతే.

ఆ సంగతి పోలీసులకు చేరడానికి సోమవారం దాకా పట్టింది.

ఉదయం తొమ్మిదింబావు. మిస్సింగ్ పర్సన్స్ సెక్షన్. లిఫ్ట్ ఆగని అంతస్తులో ఒకే ఒక గది. ఇన్‌స్పెక్టర్ పదకొండేళ్లుగా అక్కడ ఒంటరిగా కూర్చుంటున్నాడు. ఆ ఒంటరితనం శిక్ష అని డిపార్ట్‌మెంట్ అనుకుంటుంది. ఆయన బహుమానం అనుకుంటాడు.

తలుపు దగ్గర ఒక స్త్రీ నిలబడి ఉంది. ఆస్పత్రి దుప్పట్లు ఉతికే మెషీన్ల దగ్గర పనిచేస్తుంది. వేళ్ల చివర్లు సబ్బుకి తెల్లబడి ముడతలు పడ్డాయి. శనివారం కూడా వచ్చింది.

"మళ్లీ వచ్చావేమ్మా?"

"సోమవారం రమ్మన్నారు కద సార్. వచ్చాను."

నిజమే. శనివారం ఈమె వచ్చేసరికి ఆయన భోజనానికి లేస్తున్నాడు. బల్ల మీదున్న పేపరు తిప్పి చూపించాడు. అందులో ఒక పటం. దాని మీద లావుపాటి నారింజరంగు బాణం. దక్షిణాన ఉన్న శరణార్థుల శిబిరం నుంచి బయల్దేరి ఉత్తరాన సరిహద్దు దాటి ఆగింది. "మీ చెల్లెలు అటు వెళ్లిపోయిందమ్మా" అన్నాడు.

ఆమె బాణం వంక చాలాసేపు చూసి, "ఇందులో మా చెల్లెలు ఎక్కడుంది సార్?" అని అడిగింది.

"సోమవారం రామ్మా" అని ఆయన భోజనానికి వెళ్లాడు.

ఇప్పుడు పెన్ను తీశాడు.

"ఆఖరిసారి ఎప్పుడు మాట్లాడింది?"

"మంగళవారం. సాయంత్రం ఆరున్నరకి. రెండు నిమిషాలు కూడా కాలేదు. బ్యాటరీ అయిపోతోందక్కా, గురువారం చేస్తానంది."

"తర్వాత?"

"నేనే చేస్తున్నా. నలభై ఒక్కసార్లు చేశాను."

"స్విచాఫ్ వస్తోందా?"

"లేదు సార్. రింగవుతోంది, ఎత్తట్లేదు. నా మీద అలిగినా ఇన్ని రోజులుండదు. దాని అలక ఒక్క పూట."

పెన్ను ఆగింది.

"అక్కడ కరెంటుందా?"

"గుడారాల్లో కరెంటేంటి సార్? తాగే నీళ్లకే ట్యాంకరు రావాలి. రోజు విడిచి రోజు. అది కూడా గురువారం పొద్దున్నే ఆఖరంట. మనుషుల్లేని చోటికి నీళ్లెందుకని ఆపేశారు."

"ఎవరు చెప్పారు?"

"పటాలాఫీసులో. వెళ్లి అడిగాను. బాణం చూపించారు." కాస్త ఆగింది. "మీరూ అదే చూపించారు."

ఆయన శనివారం నాటి పేపరును సొరుగులోకి తోశాడు.

"దాని కొడుక్కి రెండేళ్లు సార్. వాళ్లు ఎక్కడికీ వెళ్లకపోతే? అక్కడే ఉంటే? గురువారం పోసిన నీళ్లు శనివారానికి అయిపోతాయి. ఇవాళ సోమవారం."

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసుకున్నాడు.

*

పది నలభై. పటాలాఫీసు. వలసల సమాచారాన్ని లెక్కగట్టి, ఎవరు ఎటు కదులుతున్నారో గీసి, సహాయం ఎటు వెళ్లాలో చెప్పే కార్యాలయం. గాజు తలుపులు. కుండీల్లో మొక్కలు. బల్ల మీద వరసగా నీళ్ల సీసాలు. ప్రతిదాంట్లోనూ ఒక్క గుక్క మాత్రమే తగ్గింది.

గోడంత స్క్రీన్ ముందు డైరెక్టరు నిలబడ్డాడు. బాణం మీద చెయ్యి వేశాడు, సొంత గుర్రాన్ని నిమిరినట్టు.

"ఇది మనుషుల నది, ఇన్‌స్పెక్టర్ గారూ."

"నాకు నది వద్దండీ. ఒక మనిషి కావాలి."

"మేం ఒక్కొక్కరినీ చూడం. సరళి చూస్తాం."

"ఎలా చూస్తారు?"

"ఫోన్లతో. పేర్లుండవు, టవర్ల సిగ్నల్సే. శిబిరంలో రెండు వందల ఇరవై ఎనిమిది ఫోన్లు. ఫోనుకి అయిదుగురు. పదకొండు వందల నలభై. వీళ్లు ఉత్తరానికి కదులుతారని మా మోడల్ మూడు వారాల ముందే చెప్పింది. కదిలారు."

"ఎప్పుడు?"

"బుధవారం మధ్యాహ్నం రెండూ పదికి బయల్దేరారు. నాలుగూ నలభైకి సరిహద్దు ఊరు చేరారు. అరవై ఒక్క కిలోమీటర్లు. ముసలివాళ్లు, చూలాళ్లు, పుట్టి ఒక్కరోజైనా కాని ఆడపిల్లతో సహా. గురువారం మీటింగులో ఆ మాట చెప్తే ముందు వరసలో ఒకావిడ కళ్లు తుడుచుకుంది."

"మీటింగు ఎన్నింటికి?"

"అయిదింటికి. ఎందుకు?"

"ఊరికే."

పటాలు గీసే అమ్మాయి పక్క బల్ల దగ్గర ఉంది. ఇన్‌స్పెక్టర్ అటు తిరిగాడు.

"బాణం మొన సరిహద్దుకి అవతల ఉంది. ఫోన్లు దొరికిన ఆఖరి టవరు ఎక్కడుందమ్మా?"

"ఇవతలే."

"మరి?"

"ఇవతల ఆపితే బాణం ఇరుకుగా కనిపించింది. సార్ కొంచెం పొడిగించమన్నారు."

"కొంచెమంటే?"

"నాలుగు మిల్లీమీటర్లు."

"నేల మీద?"

ఆమె గొంతు తగ్గింది. "పదకొండు కిలోమీటర్లు."

"నాలుగూ నలభైకి చేరింది మొదటివాళ్లా, చివరివాళ్లా?"

ఆమె స్క్రీన్ వైపు వంగింది. వెతికింది. మళ్లీ వెతికింది.

"అందరూనండి. ఒకే నిమిషం."

మూలన మూడో మనిషి. డేటా శుభ్రం చేసే క్లర్కు. ఆఫీసులో అంతా అతన్ని రబ్బరు అంటారు. తప్పుగా కనిపించిన అంకెను తుడిచెయ్యడం అతని ఉద్యోగం. ఆ పేరుకి అతను నవ్వుతూ పలుకుతాడు. అలా నవ్వే వాళ్లను చూస్తే ఇన్‌స్పెక్టరుకి ఒళ్లు మండుతుంది.

"శిబిరంలో నేరుగా తలలు లెక్కపెట్టే మనిషి లేరా?"

"ఉందండి. అక్కడి ఆవిడే ఒకావిడ. గుడారం గుడారం తిరిగి కాగితం మీద రాసి ట్యాంకరు డ్రైవరుకిస్తుంది. గురువారం కాగితం కూడా వచ్చింది. పన్నెండింటికి కంప్యూటర్లోకి ఎక్కించాను."

"ఎంత రాసింది?"

రబ్బరు డైరెక్టరు వంక చూశాడు. "తప్పుడు లెక్క కింద కొట్టేసి ఉందండి."

"ఎవరు కొట్టేశారు?"

"నా లాగిన్లోనే ఉంది. సాయంత్రం నాలుగూ యాభై రెండుకి. కానీ నేను నాలుగున్నరకే వెళ్లిపోతాను. గేటు రిజిస్టరు చూడండి."

"పాస్‌వర్డు ఇంకెవరికి తెలుసు?"

అతని మానిటరు మీద పసుప్పచ్చ చీటీ అంటించి ఉంది. అడగాల్సిన పనిలేదు.

"కొట్టేశారని ఎప్పుడు చూశావు?"

"శుక్రవారం పొద్దున."

"ఎవరికి చెప్పావు?"

రబ్బరు నవ్వబోయి మానేశాడు.

ఇన్‌స్పెక్టర్ ఫైల్లోంచి ఆ కాగితం తీయించి చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ట్యాంకరు పంపించండి. ఇప్పుడే."

"దేన్ని నమ్మి?" డైరెక్టరు నవ్వాడు. "గుడారాల్లో తిరిగే ఒక ఆడమనిషి రాసిన చీటీని నమ్మా? అటు రెండు వందల ఇరవై ఎనిమిది ఫోన్లు చెప్తున్నాయి. ఫోన్లు అబద్ధమాడవు. ఖాళీ మైదానానికి నీళ్లు పంపితే రేపు నన్ను చూసి నవ్వుతారు."

నీళ్లు అందకపోతే ఏమవుతుందో ఆయన అనలేదు. తనను చూసి నవ్వుతారన్నాడు.

ఇన్‌స్పెక్టర్ వరండాలోకి వచ్చాడు. సరిహద్దు ఊరి స్టేషన్లో హెడ్ కానిస్టేబుల్‌కి ఫోన్ చేసి రెండు నిమిషాలు మాట్లాడాడు. పక్కనే వాటర్ కూలర్. గ్లాసు నింపాడు. తాగలేకపోయాడు.

లోపలున్న ముగ్గురినీ అసహ్యించుకోవడం సుఖంగా ఉంది. ఆ సుఖాన్నే ఆయన అనుమానించాడు. శనివారం బాణాన్ని తనెందుకు నమ్మాడు? ఆధారం చూసి కాదు. నమ్మితే భోజనానికి వెళ్లొచ్చు. డైరెక్టరు మీటింగుకి వెళ్లాడు, తను భోజనానికి వెళ్లాడు. ఇద్దరికీ మధ్య తేడా ఎంత? నాలుగు మిల్లీమీటర్లు ఉంటుందేమో.

*

పన్నెండూ ఇరవై అయిదు. అదే గది. ముగ్గురూ కూర్చున్నారు. పొద్దున వచ్చిన అక్క గేటు దగ్గర కాచుకుని ఉంటే ఇన్‌స్పెక్టర్ లోపలికి పిలిచాడు. డైరెక్టరు ఆమె చెప్పుల వంక చూశాడు, తివాచీ వంక చూశాడు.

"మీ చెల్లెలి నంబరు కొట్టమ్మా. స్పీకరు పెట్టు."

ఆమె కొట్టింది. నలభై రెండోసారి.

మూడు రింగులు. నాలుగు. అయిదు. ఎత్తారు.

"అమ్మా, ఇది నా ఫోను కాదమ్మా," అంది ఒక మగ గొంతు, బెదురుతూ. "ఎత్తకూడదు. పోలీసాయన ఎత్తమంటే ఎత్తాను."

"ఎవరు బాబాయ్ నువ్వు? మా చెల్లెలేది?"

"చార్జింగు వ్యాను నాదమ్మా. ప్రతి బుధవారం శిబిరంలో ఫోన్లన్నీ గోనెసంచుల్లో వేసుకొస్తాను. ఇక్కడ షెడ్డులో చార్జింగు పెట్టి గురువారం తిరిగిచ్చేస్తాను. ఈసారి నేనిటు రాగానే వంతెన కుంగింది. రేపు తెరుస్తాం, రేపు తెరుస్తాం అంటున్నారు."

"మరి మనుషులు?"

"మనుషులు రావడమేంటి? అక్కడే ఉంటారుగా."

అక్క ఫోను నోటికి దగ్గరగా పట్టుకుంది. "ఇన్నిసార్లు చేశానే. ఒక్కసారి ఎత్తితే ఏం పోయింది?"

"ఎన్ని ఇళ్ల మాటలమ్మా ఇవి. పరాయి ఇంటి మాట వినకూడదు. ఒక్కటి ఎత్తానని తెలిస్తే వచ్చేవారం నన్ను నమ్మి ఎవరిస్తారు?"



"మంగళవారానికే కొన ఊపిరితో ఉన్న ఫోను," అన్నాడు ఇన్‌స్పెక్టర్, "ఆరు రోజులుగా రింగవుతోంది. అంటే ఎవరో చార్జింగు పెడుతున్నారు, కానీ ఎత్తడం లేదు. ఇది ఒకటి. పదకొండు వందల మంది ఒకే నిమిషంలో ఊరు చేరారన్నారు. నడిచొస్తే మైలు పొడుగు వరస ఉంటుంది. బస్సులైతే ఇరవై కావాలి. ఒకే నిమిషంలో చేరాలంటే అందరూ ఒకే బండిలో పట్టాలి. ఒకే బండిలో పట్టేవి ఫోన్లు." రబ్బరు వైపు తిరిగాడు. "ముందటి బుధవారాల్లో ఈ ఫోన్లు ఎక్కడికి వెళ్లాయి?"

"అక్కడికేనండి. వెళ్లి మర్నాడు తిరిగొచ్చేవి. మర్నాడే తిరిగొచ్చిన కదలికని వలస కాదని తుడిచెయ్యాలి. రూలు. ప్రతివారం తుడిచేసేవాణ్ణి. ఈసారి అవి తిరిగి రాలేదు, అందుకే తుడవలేదు."

"చూశారా," డైరెక్టరు కుర్చీలో సర్దుకున్నాడు. "సాంకేతిక లోపం. బాధాకరమే. మా క్లర్కు ఆ చీటీని కూడా అలాగే..."

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి కాగితం తీసి చదివాడు.

"గురువారం ఉదయం ఏడు గంటలు. పదకొండు వందల నలభై ఒకటి. నిన్నటి కంటే ఒకరు ఎక్కువ. బుధవారం సాయంత్రం ఆరింటికి ఆడపిల్ల పుట్టింది."

మడిచాడు.

"మీ బాణం ప్రకారం నాలుగూ నలభైకే శిబిరం ఖాళీ. ఆరింటికి అక్కడ పుట్టిన పిల్ల సంగతి ఈ కాగితంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. అక్కడ ఫోన్లు కూడా లేవు. మీకెలా తెలిసింది డైరెక్టరు గారూ?"

డైరెక్టరు చెయ్యి నీళ్ల సీసా దాకా వెళ్లి ఆగింది.

"మీటింగుకి ఎనిమిది నిమిషాల ముందు రికార్డు తెరిచారు. మీ బాణాన్ని పాడుచేసే అంకె కనిపించింది, కొట్టేశారు. పక్కన కన్నీళ్లు పెట్టించే పిల్ల కనిపించింది, ఉంచుకున్నారు. దొంగతనాలు చాలా చూశాను. ఇంటిని తగలబెట్టి ఉయ్యాల ఎత్తుకెళ్లిన వాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను."

పటాలు గీసే అమ్మాయి లేచింది. ట్యాంకరు ఆర్డరు కాగితం డైరెక్టరు ముందు పెట్టింది. ఆయన సంతకం చేశాడు. ఆ సంతకం కూడా అందంగానే ఉంది.

ఒంటిగంట అయిదుకి రెండు ట్యాంకర్లు, ఒక అంబులెన్సు కదిలాయి. ఇన్‌స్పెక్టర్ డ్రైవరుని అడిగాడు. "గురువారం నువ్వే కదా వెళ్లింది? జనం ఉన్నారని చెప్పలేదేం?"

"నన్నెవరు అడిగారు సార్? వెళ్లొద్దన్నారు, ఆగాను."

అటు హెడ్ కానిస్టేబుల్ గోనెసంచుల్ని మనుషుల చేత వంతెన దాటించి జీపులో శిబిరానికి పంపాడు. సాయంత్రం అయిదున్నరకి అక్క ఫోన్ మోగింది. ఆమె "ఆఁ" అంది. మళ్లీ "ఆఁ" అంది. అటువైపు ఒక పిల్లాడు నీళ్లలో చేతులు కొడుతున్న చప్పుడు.

"తిట్టవేమ్మా నన్ను?" అన్నాడు ఇన్‌స్పెక్టర్, ఆమె ఫోన్ పెట్టేశాక.

"మీరు రెండోసారైనా లేచారు కద సార్," అంది. మెచ్చుకోలో ఎత్తిపొడుపో ఆయన తేల్చుకోలేకపోయాడు.

*

మంగళవారం ఉదయం పది. స్టేషన్లో స్టేట్‌మెంటు రాస్తున్నారు. డైరెక్టరు కొత్త చొక్కా వేసుకొచ్చాడు. పక్కన లాయరు.

ట్యాంకరు డ్రైవరు లోపలికి వచ్చి కాగితం ఇచ్చాడు. శిబిరంలో లెక్కపెట్టే ఆవిడ పంపింది. అదే చేతిరాత. అంకె పెద్దది, కింద చిన్న అక్షరాలు.

ఇన్‌స్పెక్టర్ చదివాడు. ఏమీ అనకుండా బల్ల మీద డైరెక్టరు వైపు జరిపాడు.

డైరెక్టరు అంకె చూశాడు. నిన్నటి నుంచి మొదటిసారి ఆయన ముఖంలోకి రంగు తిరిగొచ్చింది. సంబరంగా లాయరు మోచేయి పట్టుకున్నాడు.

"పదకొండు వందల నలభై. చూశారా? మా అంకె తప్పు కాదు. నేను చెప్తూనే ఉన్నాను."

"కింద కూడా రాసింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "పైకి చదవండి."

డైరెక్టరు కళ్లజోడు సవరించుకుని మొదలుపెట్టాడు.

"బుధవారం పుట్టిన పిల్ల ఆదివారం..."

ఆగాడు.

"చదవండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మీటింగులో బాగా చెప్పారట కదా."