మూత వెనక పేరు

ఎనిమిదింటికి షట్టరు ఎత్తితే ఆ రోజు బేరం మనది, ఎనిమిదింబావుకి ఎత్తితే ఎదురు కొట్టువాడిది. కొట్టావిడ ఆ పావుగంటని ఏనాడూ వదులుకోలేదు. ఆ ఉదయం కూడా వైరు చుట్టలు బయట తగిలించి, బల్బుల అట్టపెట్టెలు దులిపి, గల్లాపెట్టె దగ్గర కూర్చుంది. కొట్టు వెనకే ఇల్లు. మధ్య గుమ్మంలో ఆవిడ భర్త, వైరింగ్ మేస్త్రి, పనిముట్ల సంచీ సర్దుకుంటున్నాడు. కూతురు చిట్టి లైసెన్సు దరఖాస్తు ముందేసుకుని కలం విదిలిస్తోంది.

ఇరవై రెండేళ్ళుగా మేస్త్రి ఏ ఇంటికి వైరింగ్ చేసినా, కరెంటు ఆఫీసుకిచ్చే కాగితం మీద సంతకం వేరొకరిది. సంతకం పెట్టే ఆయనకి కాంట్రాక్టరు లైసెన్సు ఉంది, నిచ్చెనెక్కే ఓపిక లేదు. పేటంతా 'సంతకాలాయన' అనే పిలుస్తారు. ఇంటికింత అని పుచ్చుకుని, ఆ ఇల్లు ఎటు తిరిగి ఉందో కూడా చూడకుండా గీకి పంపిస్తాడు. వారం కిందట, పరీక్ష పాసైన చిట్టికి సూపర్‌వైజరు పర్మిట్ వచ్చింది. సొంత లైసెన్సు వచ్చేస్తే ఇక ఆయన గడప తొక్కే పనిలేదు.

"యజమాని పేరు దగ్గర ఎవరిది రాయనమ్మా?"

"నాదే రాయి. కొట్టు నా పేరున ఉంది, పన్ను నంబరు నా పేరున ఉంది. ఇంకొకరి పేరైతే మళ్ళీ రిజిస్ట్రేషను, మళ్ళీ ఖర్చు. ఒకసారితో పోయేదానికి రెండుసార్లెందుకు?"

మేస్త్రి నవ్వాడు. "స్క్రూడ్రైవరు ఎటు పట్టుకోవాలో తెలీదు మీ అమ్మకి. ఆవిడకెలా ఇస్తారే? పరీక్ష పాసైనవాళ్ళకే కదా ఇచ్చేది?"

"యజమాని పాసవ్వక్కర్లేదు నాన్నా. పర్మిట్ ఉన్న సూపర్‌వైజరు ఒకరు మన దగ్గర పనిచేస్తే చాలు. నేనున్నాగా!"

"కొత్త రూలా?"

"కాదు. మొదట్నుంచీ ఇంతే."

మేస్త్రి చేతిలో కటింగ్ ప్లయరు అలాగే ఆగిపోయింది. 'పదో తరగతి దాటనివాడివి, నీకు లైసెన్సేమిటోయ్' అని సంతకాలాయన అన్న మాటని అతను ఇరవై రెండేళ్ళు నమ్మాడు.

"అంటే నేనూ తీసుకుని ఉండొచ్చన్నమాట. ఒక సూపర్‌వైజర్ని పెట్టుకుని."

మాట కూతురితో, చూపు భార్య మీద. ఆవిడ గల్లాపెట్టె తాళాలు అటూ ఇటూ సవరించింది. ధర చెప్పడం ఇష్టం లేనప్పుడు ఆవిడ చేసే పని అదే. అతనికి తెలుసు.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"చిట్టి నాలుగో తరగతిలో ఉండగా. మీకు జ్వరమొస్తే కాగితాలివ్వడానికి నేనెళ్ళాను చూడండి, అప్పుడు కరెంటాఫీసు గుమస్తా చెప్పాడు." ఆవిడ తాళాలు వదిలేసింది. "లెక్క వేశానండీ. సూపర్‌వైజరుకి నెలనెలా జీతం, బ్యాంకులో డిపాజిట్టు, ఇన్సులేషన్ చూసే మీటరు, లైసెన్సుకి ఏటేటా ఫీజు. మనకొచ్చే పనులకి గిట్టుబాటు కాదు. సంతకాలాయనకి పారేసేదే చవక. ఏటా వేసి చూశాను, ఏటా అదే తేలింది."

"తేలింది సరే. నాకు చెప్పావా?"

"చెబితే మీరు కావాలనేవారు."

"అనేవాణ్ణి." మేస్త్రి సంచీ భుజానికెత్తుకున్నాడు. "కుదరదని నువ్వంటే సర్లే అనీ అనేవాణ్ణే. అడగనైనా అడగలేదు కదే నన్ను."

అతను అరిచి ఉంటే ఆవిడా అరిచేది, మధ్యాహ్నానికి సర్దుకునేది. అతను మెట్టు దిగి వెళ్ళిపోయాడు. టీ గ్లాసు గుమ్మంలో నిండుగానే ఉండిపోయింది.

"అమ్మా, నాన్న..."

"నాకేం చెప్పకు. బేరాలున్నాయి."

బేరాలు ఉన్నమాట నిజమే గానీ ఆ రోజు ఆవిడ రెండు హోల్డర్లకి మూడిచ్చి పంపింది. కొన్నవాడే నిజాయితీపరుడై వెనక్కి తెచ్చిచ్చాడు.

మధ్యాహ్నం, వెనక వీధిలో బట్టలు కుట్టే కుట్టుమిషను ఆవిడ పాత మెయిన్ బోర్డు చంకన పెట్టుకుని వచ్చింది.

"అక్కా, మీ ఆయన బిగించిందే. ఒక్కనాడు ఫ్యూజు పోయిందంటే ఒట్టు! ఇల్లు పెంచుకుంటున్నాం, దీనికన్నా పెద్ద పెట్టె కావాలి. ఇది పాతసామాను కింద ఏమైనా తీసుకుంటావా?"

పాతసామాను అనగానే కొట్టావిడ చేయి దానంతటదే బరువు చూసింది. ఇనుమా, రేకా అని మూత తెరిచింది. మూత వెనక పెన్సిలుతో ఏదో రాసి ఉంది. కళ్ళజోడు పెట్టుకుని చూసింది. 'వైరింగ్ చేసినది' అని, కింద ఇంటిపేరుతో సహా భర్త పేరు, తేదీ. గుమస్తా మాట విని, లెక్క వేసి, తను నోరు మూసుకున్న ఏడాది అది.

"ఇదేంటే చిట్టీ?"

"అన్ని బోర్డుల్లోనూ రాస్తాడమ్మా. చిన్నప్పుడు సెలవుల్లో వెంట వెళ్తే టార్చి నేనే పట్టుకునేదాన్ని. కాగితం మీద ఎలాగూ ఉండను, ఇక్కడన్నా ఉంటానే అనేవాడు. రాసుకుని, కాసేపు చూసుకుని, అప్పుడు మూత బిగించేవాడు."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"పెన్సిలు దండగంటావేమోనని."

ఈ పేటలో ఎన్ని ఇళ్ళు, ఆ పక్క పేటలో ఎన్ని అని ఆవిడ మనసు లెక్కలోకి దిగింది. ఆ లెక్క వీధి మలుపు దాకా వెళ్ళి ఆగిపోయింది. ప్రతి గోడలోనూ, ప్రతి రేకు మూత వెనకా, ఎవరూ తెరవని చీకట్లో మొగుడి పేరు. ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది. తర్వాత కళ్ళు తుడుచుకుంది.

కుట్టుమిషను ఆవిడ కంగారుపడింది. "అయ్యో, ఏడవకక్కా! ఊరికే ఉంచుకో, నాకేం ఇవ్వొద్దులే."

"దీన్ని కొనడానికి నా దగ్గర డబ్బు లేదమ్మా" అంది కొట్టావిడ. ఆ మాట ఎందుకందో ఆవిడకే తెలీదు. కొత్త పెట్టెకి మాత్రం రొక్కం పుచ్చుకుంది.

"చిట్టీ, బండి తియ్యి. ఆఫీసు మూసేలోగా ఇంకో ఫారం తేవాలి."

"మరి రెండో రిజిస్ట్రేషను ఖర్చు?"

"పక్క షట్టరు అడ్వాన్సుకని దాచింది ఉందిగా. ఆ షట్టరు ఇంకో ఏడాది ఆగుతుంది."

దాన్నీ అద్దెకి తీసుకుని కొట్టు పెంచాలని, నాలుగేళ్ళుగా ఆవిడ ఆశంతా ఆ షట్టరు మీదే. తల్లి నోట ఆ మాట విని చిట్టి తాళంచెవి వెతుక్కోవడం మర్చిపోయింది.

సాయంత్రం మేస్త్రి మామూలు వేళకే వచ్చాడు. సంచీ దించి, గల్లాపెట్టె పక్కన తెరిచి ఉన్న పాత బోర్డు చూశాడు. దొంగతనం బయటపడ్డవాడిలా మూత వెయ్యబోయాడు.

"ఉంచండి. చూశాను."

అతను చేయి తీసేశాడు. "నీ లెక్క తప్పు కాదు. మధ్యాహ్నం నేనూ వేసి చూశాను. గిట్టదు."

"లెక్క సరిగ్గానే వేశానండీ. మిమ్మల్ని అందులో వెయ్యలేదు."

"అయిపోయిన ఇళ్ళు అయిపోయాయి కదే."

"వాటికి నేనేం చెయ్యలేను." ఆవిడ కొత్త ఫారం అతని ముందుకి జరిపింది. యజమాని పేరు దగ్గర ఖాళీ. "దీనికి చెయ్యగలను."

మేస్త్రి కాగితం చివరిదాకా చదివాడు. ఖాళీ దగ్గరికి మళ్ళీ వచ్చాడు. అలవాటు కొద్దీ చెవి మీది పెన్సిలు తీశాడు.

"పెన్సిలు కాదండీ" అంది ఆవిడ, బిల్లు పుస్తకంలోని కలం తీసిస్తూ. "పెన్నుతో రాయాలిట."

అతను ఇంటిపేరుతో సహా, ఒక్కో అక్షరం నొక్కి రాశాడు. రాశాక, ఎప్పట్లాగే కాసేపు చూసుకున్నాడు. మూత బిగించడానికి అలవాటుగా లేచిన చేయి, మూతేమీ లేక, భార్య భుజం మీద ఆగింది.