బోర్డు అంచున రెండు రాళ్లు

వకుళ రాళ్లు కడుగుతోంది. ముందు పెద్ద స్టీలు గిన్నె, పక్కన వెదురు జల్లెడ, నేలమీద పరిచిన పాత దుప్పటి. గుప్పెడు రాళ్లు నీళ్లలో ముంచి, వేళ్లతో రుద్ది, జల్లెడలో వంచి, దుప్పటి మీదికి దొర్లిస్తోంది. తెల్లవి అయిపోయాయి. నల్లవి సగంలో ఉన్నాయి.

అవి కూరగాయలు కడిగిన నీళ్లే. భీమిలిలో ఇప్పుడు రాళ్ల కోసం మంచినీళ్లు ఎవరూ వాడరు. సముద్రం బీచ్ రోడ్డు దాటి లోపలికి వచ్చి ముప్పై ఏళ్లయింది. ఊరంతా స్తంభాల మీదికి ఎక్కింది. ఇంటికి రోజుకు అరవై లీటర్లు, గోడలోని కుళాయి కొలిచి ఇస్తుంది. గంటకోసారి పడవ బస్సు వచ్చి మెట్ల దగ్గర ఆగుతుంది. దాని అలకి ఇల్లు కొంచెం ఊగుతుంది. అలవాటైనవాళ్లకు ఆ ఊగడం తెలియను కూడా తెలియదు.

పక్కగదిలో తెర ముందు కూర్చున్న ప్రసూనకు రాళ్ల చప్పుడు వినిపిస్తూనే ఉంది. టోర్నమెంటు నుంచి ఇంటికి చేరగానే, ఓడినా గెలిచినా, ముందు రాళ్లు కడగాలి. చెల్లెలికి అది నేర్పింది తనే. వకుళకు అప్పుడు తొమ్మిదేళ్లు, ప్రసూనకు ఇరవై మూడు. అమ్మ పోయిన ఏడాది అది. పిల్ల ఏడుపు మానడం లేదని నేలమీద సుద్దతో గళ్లు గీసి, గవ్వలూ చింతగింజలూ ఇచ్చి గో ఆట నేర్పింది. అడ్డంగా, నిలువుగా గీతలు. గీతలు కలిసిన చోట రాయి పెట్టాలి. ఎవరు ఎక్కువ చోటును చుట్టుకుంటే వాళ్లది గెలుపు. పెట్టిన రాయి కదలదు. చెప్పడానికి ఇంతే. పిల్ల మూడోనాటికే ఏడుపు మానేసింది. ఏడాది తిరిగేసరికి అక్కను ఓడించింది.

వకుళకు అప్పట్లో ఒక అలవాటుండేది. మంచి ఎత్తు దొరికిందంటే రాయి వెంటనే పెట్టేది కాదు. రాయి చేతిలో పట్టుకుని, తలెత్తి ఒకసారి అక్క ముఖం చూసేది. ఆ తర్వాతే పెట్టేది.

"అలా చూస్తే ఎదుటివాళ్లకు తెలిసిపోతుందే, పిచ్చిదానా" అని ప్రసూన నవ్వేది.

ఆట అయ్యాక ఇద్దరూ దాన్ని మొదటి రాయి నుంచి మళ్లీ పేర్చేవారు. ఇక్కడ నువ్వేమనుకున్నావు, అక్కడ నేనెందుకు భయపడ్డాను అని చెప్పుకునేవారు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు మరుఆట. అసలు ఆట గంట పడితే మరుఆట రెండు గంటలు పట్టేది.

గోడలోంచి గంట మోగింది. ఆ వెంటనే షాహీన్ గొంతు. షాహీన్‌ది హైదరాబాదు, వకుళ ఆడే మహిళల గో జట్టుకు కెప్టెన్.

"ప్రసూనక్కా, మీ దీపంలో నూనె అయిపోయిందా, ఒత్తి కాలిపోయిందా? ఏదో ఒకటి చెప్పి పుణ్యం కట్టుకోండి."

"ఆ దీపంలో నూనె ఉండదు షాహీన్."

"తెలుసక్కా. బుద్ధి కూడా ఉండదని మొన్న తెలిసింది."

ప్రసూన నవ్వలేదు. ఆ దీపం ఆమెది. పదకొండేళ్ల పని.

దాని అసలు పేరు విరమణ సూచిక. చెవుల వెనక నుంచి నుదుటి మీదికి వచ్చే సన్నని పట్టీ, అందులో పన్నెండు సెన్సర్లు. ఆలోచనలు చదివే శక్తి దానికి లేదు. అది కనిపెట్టేది ఒక్కటే. మనిషిలో ఆశ ఉన్నంతసేపు మెదడు రాబోయేదాన్ని లెక్కవేస్తూనే ఉంటుంది, ఇలా చేస్తే ఏమవుతుంది, అలా చేస్తే ఏమవుతుంది అని. ఆ లెక్కకు ఒక లయ ఉంది. ప్రసూన దానికి ఆశాతరంగం అని పేరు పెట్టింది. ఆశ వదులుకున్న క్షణాన ఆ తరంగం పడుకుంటుంది, మనిషి పైకి ఎంత బింకంగా కూర్చున్నా సరే. ఏడు సెకన్లు అలాగే ఉంటే బోర్డు పక్కన చిన్న పసుపు దీపం వెలుగుతుంది. వెలిగిందంటే ఆట అయిపోయినట్టే.

పాతకాలంలో ఓటమి ఒప్పుకోవాలంటే మనిషి తన రాళ్లు రెండు తీసి బోర్డు అంచున పెట్టి తల వంచేది. కానీ టోర్నమెంటు కప్పుకు విలువ పెరిగేకొద్దీ ఆ మర్యాద తగ్గింది. ఓడిపోయామని లోపల తెలిసినవాళ్లు కూడా ఎదుటి మనిషి అలసిపోకపోతుందా, పొరపాటు చేయకపోతుందా అని గంటల తరబడి సాగదీసేవారు. ఒక ఫైనల్ పంతొమ్మిది గంటలు నడిచి, గెలిచినామె కుర్చీలోనే కళ్లు తిరిగి పడిపోయింది. ఆ తర్వాతే దీపాన్ని నిబంధనల్లో చేర్చారు. ఇప్పటికి మూడు వేల చిల్లర ఆటల్లో వెలిగింది. ఒక్కసారీ ఎవరూ కాదనలేదు.

మొన్న బుసాన్‌లో ఫైనల్. జట్టుకు ముగ్గురు, మూడు బోర్డులు, రెండు గెలిచినవాళ్లది కప్పు. షాహీన్ గెలిచింది. గువాహటి అమ్మాయి బనశ్రీ ఓడింది. మిగిలింది వకుళ. నూట నలభై ఒకటో రాయి ఎదుటి అమ్మాయి సోయన్ పెట్టింది. వకుళ తెల్లరాయి తీసుకుంది. దాన్ని పెట్టకముందే ఆమె దీపం వెలిగింది.

హాలంతా నిశ్శబ్దమైపోయింది. ఎందుకంటే బోర్డు మీద గెలుస్తున్నది వకుళే.

"గెలిచే ఆటను చేతులారా ఎవరన్నా వదులుకుంటారా అక్కా?" షాహీన్ అంటోంది. "ఆ సోయన్ కూడా బిత్తరపోయింది పాపం, కప్పు తీసుకుంటుంటే కూడా బోర్డు దిక్కే చూసింది. ఇవాళ సాయంత్రం ఆరు దాకా అప్పీలుకు టైముంది. తయారుచేసింది మీరు కాబట్టి మీ మాటే చెల్లుతుంది. దీపం తప్పు వెలిగిందని ఒక్క ముక్క రాయండి. నూట నలభై రెండో రాయి నుంచి మళ్లీ ఆడిస్తరు."

"అలా రాస్తే దీపాన్ని తీసేస్తారు. అన్ని చోట్లా."

"తీసేస్తే తీసేయనీ. పద్నాలుగేళ్ల సంది ఈ కప్పు వెంట తిరుగుతున్న. నలభై నాలుగొచ్చినయి నాకు. వచ్చే ఏడు ఈ పిల్లలు నన్ను సంచులు మొయ్యడానికి కూడా తీసుకపోరు."

"పరిశీలించకుండా రాయలేను."

"పరిశీలించండి. కాకపోతే దీపాన్ని కాదు, మీ చెల్లిని. జట్టుతో విమానంలో వస్తూ ఒక్క మాట మాట్లాడలే. నిన్నటి సంది ఫోన్ ఎత్తదు. మామూలుగా అయితే వాగి వాగి నా చెవులు తింటది."

పిలుపు ఆగింది. పక్కగదిలో రాళ్ల చప్పుడు కూడా ఆగింది. వకుళ గుమ్మంలోకి వచ్చింది. మోచేతుల దాకా తడి.

"రాళ్లు ఆరుతున్నాయక్కా. మొన్నటి ఆట పేరుస్తాను, కూర్చుంటావా? మరుఆట చేసి చాలా రోజులైంది."

"కూర్చుంటానే. ముందు ఈ రిపోర్టు తేలనీ."

"ఎంతసేపు?"

"అయిదు నిమిషాలు."

వకుళ చేతులు చీరకొంగుకు తుడుచుకుని వెళ్లిపోయింది. చాలా రోజులు కాదు, పదకొండేళ్లని ప్రసూనకు గుర్తులేదు. పట్టీ మొదటి నమూనా పెట్టుకున్నది వకుళే. అప్పుడామెకు పదిహేనేళ్లు. ఈ ఇంట్లోనే, అదే చాప మీద, ఆరువందల ఆటలు ఆడించి ప్రసూన తరంగాన్ని పట్టుకుంది. ఆట ముగియగానే వకుళ మరుఆటకు రాళ్లు సర్దేది. ప్రసూన గ్రాఫు దగ్గరికి పరుగెత్తేది. ఆటలో ఎక్కడేమయిందో గ్రాఫులోనే ఉండగా ఇంక మాట్లాడుకోవడానికి ఏముంది?

ప్రసూన పని మొదలుపెట్టింది. సెన్సర్లు పన్నెండూ సరిగ్గా ఉన్నాయి. పట్టీ జారలేదు. చెమట లేదు, చార్జింగు నిండా ఉంది. దీపంలో తప్పేమీ కనబడలేదు. తరంగం పడుకుంది, ఏడు సెకన్లు కదల్లేదు, దీపం వెలిగింది. అంతా పద్ధతి ప్రకారమే జరిగింది.

ఇక తరంగం ఎందుకు పడిందో చూడాలి. గ్రాఫును కొంచెం వెనక్కి జరిపింది. నూట నలభై ఒకటో రాయి పడగానే తరంగం ఒక్కసారిగా లేచింది. సోయన్ పొరపాటును వకుళ చూసేసిందన్నమాట. ఎంత ఎత్తు లేచిందంటే, మూడు వేల ఆటల్లో ఎవరి తరంగమూ అంత ఎత్తు లేవలేదు. సాంకేతిక బృందంతో బుసాన్ వెళ్లిన ప్రసూన ఆ గీతను మొన్న హాల్లోనే, చేతిలోని చిన్న తెర మీద చూసింది. చూసి ఒళ్లు పులకరించింది. శిఖరం మీద నాలుగు సెకన్లు నిలిచి, అక్కడి నుంచి నిలువునా కిందికి పడింది. ఆ నాలుగు సెకన్లలో ఏం జరిగింది?

హాలు కెమెరాల రికార్డు తెరిచి గ్రాఫు పక్కన పెట్టింది. రెండింటి గడియారాలూ కలిపింది.

తెర మీద వకుళ గిన్నెలోంచి తెల్లరాయి తీసుకుంది. పెట్టలేదు. తలెత్తి పైకి చూసింది.

పైన అద్దాల గది. సాంకేతిక బృందం కూర్చునే చోటు. ప్రసూన ఆ వైపు కెమెరా తెరిచింది. అక్కడ తను ఉంది. ఒక చేతిలో చిన్న తెర, ఇంకో చేతిలో పెన్ను. ముఖం నిండా నవ్వు. నవ్వుతూ తెర వంక చూస్తోంది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. కింద చెల్లెలు రాయి పట్టుకుని చూస్తూనే ఉంది. అద్దం వెనకనున్న మనిషి తల ఎత్తలేదు. తరంగం పడడం మొదలైనప్పుడు కూడా ఎత్తలేదు. కనుబొమలు ముడిచి, టైము రాసుకుంది. దీపం వెలిగినప్పుడు హాలంతా బిగుసుకుపోతే, లెక్క సరిపోయిందన్నట్టు తల ఆడించిన మనిషి ఆమె ఒక్కతే.

ప్రసూన రికార్డు ఆపింది. మళ్లీ పెట్టింది. మూడోసారి కూడా చూసింది.

తన సిద్ధాంత పత్రంలో తొమ్మిదో పేజీ గుర్తొచ్చింది. సూచిక ఆశ పోయిందని మాత్రమే చెబుతుంది, దేని మీద పోయిందో చెప్పదు. అయితే ఆట మధ్యలో ఉన్న మనిషికి ఆట తప్ప వేరే ఆశ ఉండదు గనక ఆ ప్రశ్న అనవసరం. ఆ వాక్యాన్ని ఎవరూ ప్రశ్నించలేదు. సరిచూసిన ఆచార్యులు ముగ్గురూ పక్కన టిక్కు పెట్టారు.

గోడ గడియారం అయిదున్నర చూపించింది. అయిదు నిమిషాలని చెప్పి మూడు గంటలయింది.

ప్రసూన లేచింది. అప్పుడే నిర్ణయించుకుంది, దీపం తప్పని రాసేస్తుంది. పోతే పోనీ పదకొండేళ్లు. షాహీన్‌కు కప్పు వస్తుంది, చెల్లెలికి ఆట వస్తుంది. గుండె తేలికపడినట్టనిపించింది.

ముందుగదిలో చాప మీద బోర్డు ఉంది. నూట నలభై ఒక్క రాళ్లూ పేర్చి ఉన్నాయి, కడిగిన రాళ్ల మెరుపుతో. వకుళ బోర్డుకు ఒక పక్క కూర్చుని ఉంది. ఎదురుగా ఖాళీ పీట. పక్కనే బుసాన్ నుంచి తెచ్చిన సంచి, ఇంకా విప్పలేదు.

"వకుళా, తప్పు వెలిగిందని రాసేస్తున్నాను" అంది ప్రసూన నిలబడే. "నీ ఆట నీకొచ్చేస్తుంది. షాహీన్‌కు చెప్పు."

వకుళ తలెత్తింది. "నిజంగా తప్పు వెలిగిందా అక్కా?"

అవునంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా.

"లేదు" అంది ప్రసూన. "సరిగ్గానే వెలిగింది."

"నువ్వు చూశావా? ఎందుకు వెలిగిందో."

"చూశాను. నువ్వు పైకి చూశావు. నేను చూడలేదు." ఒక అడుగు ముందుకు వేసింది. "అది కాదే, ఒకటి ఆలోచించు. బోర్డు మీద గెలుస్తున్నావు. అయినా వెలిగింది! అంటే అది పట్టుకునేది ఒక్క ఆట సంగతే కాదు. మనిషి దేని మీద ఆశ వదులుకున్నా పట్టుకోగలదు. తొమ్మిదో పేజీ తిరగరాయాలి. నీ దగ్గర ఇంకో రెండు మూడు రికార్డులు తీసుకుంటే—"

ఆగిపోయింది. తన గొంతు తనకే వినిపించింది. ఆ గొంతులో సంతోషం ఉంది. ముఖం మీద నవ్వు ఉందని కూడా తెలుస్తోంది. ఇప్పుడే తెర మీద మూడుసార్లు చూసిన నవ్వు. దాన్ని దింపేయాలని చూసింది గాని, అప్పటికే ఆలస్యమైంది.

వకుళ ఆ ముఖం వంక చూసింది. నాలుగు సెకన్లు పట్టిందో, ఏడు పట్టిందో, ఈసారి లెక్కపెట్టినవాళ్లు లేరు. తర్వాత గిన్నెలో చెయ్యిపెట్టి తెల్లరాళ్లు రెండు తీసింది. గీతల మీద కాదు, గీతలు లేని చోట, అక్క వైపున్న చెక్క అంచు మీద, ఒకదాని పక్కన ఒకటి పెట్టింది. తల వంచింది.

కింద పడవ బస్సు వచ్చి ఆగింది. ఇల్లు ఊగింది. రాళ్లు కదల్లేదు.

వకుళ సంచి భుజానికి తగిలించుకుని, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని, మెట్లు దిగి వెళ్లిపోయింది.