ఉన్ని చెప్పుల దొంగ

వెందుల గైడ్‌గా చేరిన మొదటి శనివారమే ఒక యువకుడు ఆమె కాళ్ల దగ్గర బోర్లా పడ్డాడు.

తప్పు అతనిది కాదు, చెప్పులది. లిపోవా ఊళ్లోని బిషప్పుల మహల్లో చెక్క నేలకు మూడు వందల ఏళ్లు. దాని మీద ఎవరి బూట్లూ ఆనకూడదని గుమ్మం దగ్గర పెట్టెలో ఉన్ని చెప్పులు ఉంచుతారు. వచ్చినవాళ్లు వాటిని బూట్ల మీదే తొడుక్కుని, కాళ్లీడ్చుకుంటూ గది గదీ తిరగాలి. ఓటకర్ అనే ఆ యువకుడి చెప్పుకు పట్టీ ఊడింది. బిషప్పుగారి నిలువెత్తు చిత్రం ముందు చెప్పు ఒక దారి, మనిషి ఒక దారి పట్టారు.

"బొమ్మల్ని ముట్టుకోకూడదండీ," అంది వెందుల నవ్వు ఆపుకుంటూ. "ముక్కుతో కూడా."

అతను లేవకుండానే, చిత్రంలో బిషప్పు కుర్చీ కింద పడుకున్న కుక్క వైపు చూశాడు. "ఈ కుక్క నవ్వుతోందాండీ?"

"ఇన్నాళ్లూ నవ్వలేదు. ఇవాళ మిమ్మల్ని చూసింది కదా, అందుకేమో."

గ్రూపంతా నవ్వింది. ఓటకర్ చెవులు ఎర్రబడ్డాయి.

ఇంత జరిగాక ఎవరైనా మళ్లీ ఆ గుమ్మం తొక్కుతారా? ఇతను తొక్కాడు. తరువాతి శనివారం, ఆ తరువాతి శనివారం కూడా టికెట్టు కొనుక్కుని, అదే చిత్రం ముందు నిలబడి, ఏమీ ఎరగనట్టు ముఖం పెట్టి, కుక్క నవ్వుతోందా అని అడిగాడు. వెందుల ఒకసారి దానికి పంటి నొప్పి అని చెప్పింది. మరోసారి, అడిగిందే అడుగుతుంటే విసుగొచ్చి ముఖం అలా పెట్టిందంది. పైకి కసురుకున్నా, శనివారం వచ్చిందంటే పొద్దున్నే అద్దం ముందు పావుగంట ఎక్కువ నిలబడేది. అతనంటే ఆమెకు ఇష్టం. ఆ సంగతి ఒప్పుకోవడమే ఇష్టం లేదు.

ఇంతలో చెప్పుల గొడవ మొదలైంది.

మహలు బాధ్యత చూసే హెద్వికా గారు అరవై దాటిన మనిషి. చిత్రాలనీ, తోటలో కొలబద్ద పెట్టి కత్తిరించినట్టుండే మొక్కల కంచెల్నీ, చివరికి ఉన్ని చెప్పుల్నీ కూడా రోజూ సాయంత్రం స్వయంగా చూసుకుంటే గాని ఇంటికి వెళ్లదు. చెప్పులు అరవై జతలు. వెందుల పని చేసే శనివారం మాత్రం సాయంత్రానికి యాభై తొమ్మిదే తేలేవి. వేరే గైడ్ వచ్చే ఆదివారం మళ్లీ అరవై.

నాలుగోసారి కూడా అలాగే అయ్యేసరికి ఆవిడ వెందులను గదిలోకి పిలిచింది. నీ గ్రూపులో ఎవరో చెప్పులతోనే తోటలోకి పోతున్నారు, మర్నాడు తెచ్చి పడేస్తున్నారు, ఉన్నిలో ఒక్క కంకర రాయి ఇరుక్కుందంటే ఆ నేల గతేమిటి అని అడిగింది. మే ఒకటిన కూడా జత తగ్గితే వేసవికి ఇంకో గైడ్‌ని చూసుకుంటానని ఆవిడ తేల్చి చెప్పింది.

చిత్రకళ చదివి, ఈ ఉద్యోగం కోసం రెండేళ్లు ఎదురుచూసిన పిల్ల వెందుల. ఇది పోతే బ్ర్నో నగరంలో మావయ్య కొట్లో స్నానాల గది గోడలకు అతికించే పలకలు అమ్ముకోవాలి. ఆ రాత్రి ఆమెకు కలలో కూడా లేత నీలం పలకలే కనిపించాయి.

మే ఒకటో తారీఖు శనివారమే పడింది. పొద్దున్నే బామ్మ ఫోను చేసింది.

"ఈ ఏడైనా పూసిన చెట్టు కింద నీకు ముద్దు పెట్టేవాడు దొరికాడా, లేక ఇంకో ఏడాది ఎండిపోవడమేనా?"

మే ఒకటిన పూల చెట్టు కింద ముద్దు అందని ఆడపిల్ల ఏడాదంతా ఎండిపోతుందని అక్కడ అందరూ అనుకునేదే. మా తోటలో కంచెలే తప్ప చెట్లు పూయవని చెప్పి, వెందుల ఫోను పెట్టేసింది.

ఆ రోజు ఆమె కళ్లు చిత్రాల మీద లేవు, కాళ్ల మీదే ఉన్నాయి. టూరు అయ్యాక పెట్టె పక్కనే నిలబడి ఒక్కొక్క జతా లెక్కపెట్టింది. అందరూ తోటలోకి దిగాక చూస్తే ఒక జత లేదు. మెట్ల కింద ఓటకర్ గబగబా నడుస్తున్నాడు. అతని కోటు ఒక పక్క ఉబ్బి ఉంది.

వెందుల కంచెల మధ్య పరుగెత్తి అతన్ని పట్టుకుంది. "తీయండి బయటికి."

అతను తీశాడు. పట్టీ తెగిన ఉన్ని చెప్పులు.

"నాలుగు వారాలుగా మీరేనా?"

"నేనేనండీ. నాటకశాలలో దుస్తులు కుడతాను. ఆ రోజు పడ్డప్పుడు చూశాను, అన్నిటికీ కుట్లు ఊడిపోతున్నాయి. తీసుకెళ్లి, కుట్టి, ఆదివారం పెట్టెలో పెట్టేస్తున్నాను."

"అన్నీ ఒకేసారి పట్టుకుపోవచ్చుగా?"

"అప్పుడు ఒక్క శనివారంతో అయిపోయేదిగా," అన్నాడతను, కంకర వైపు చూస్తూ.

వెందులకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. తన ఉద్యోగం సంగతి చెప్పింది. అతని ముఖం తెల్లబోయింది. వెంటనే చెప్పులు పట్టుకుని తిన్నగా హెద్వికా గారి గదికి నడిచాడు. వెనకే వెందుల.

ఆవిడ అంతా విని, పెట్టెలోంచి అతను బాగుచేసిన జత ఒకటి తెప్పించి, కళ్లద్దాలు పెట్టుకుని కుట్టు కుట్టూ చూసింది. పట్టీ లాగి చూసింది. అది తెగలేదు.

"నాలుగయ్యాయి," అంది చివరికి. "ఇంకా యాభై ఆరు. వారానికి ఒకటంటే వచ్చే ఏడు వేసవి దాకా పడుతుంది. అప్పటిదాకా శనివారం గైడ్‌ని మార్చే వీల్లేదు. కుట్టేది మాత్రం ఇక్కడే కూర్చుని కుట్టు బాబూ, బయటికి పోనివ్వను."

బయటికొచ్చాక ఇద్దరూ కంచెల వెంట నడిచారు. తోట చివర గోడ పక్కన, ఇనప తీగలకు కట్టి మోకాలెత్తు దాటకుండా పెంచిన యాపిల్ కొమ్మలున్నాయి. వెందుల ఇన్నాళ్లూ వాటిని కంచె కిందే జమకట్టింది. ఇవాళ నిండా పూసి ఉన్నాయి.

"ఇది చెట్టేనంటారా?" అన్నాడు ఓటకర్.

"ఇంకా ఈ మీరూ గీరూ ఏమిటి? నువ్వు అను."

"ఇది చెట్టేనా నీ లెక్కలో?"

"పువ్వులు తల మీద ఉంటే చెట్టే," అంటూ ఆమె కంకర మీదే చతికిలబడి, కొమ్మ కిందికి తల వంచింది. "వంగు మరి. ఈసారి ముక్కు జాగ్రత్త."

ఆ సాయంత్రం హెద్వికా గారు లెక్కపెడితే చెప్పులు సరిగ్గా అరవై జతలు తేలాయి. గైడే కనిపించలేదు. ఆవిడ కిటికీలోంచి తోట గోడ వైపు ఒక్కసారి చూసి, తాళాలగుత్తి అందుకుని, గదులన్నిటికీ తనే తాళాలు వేసుకుంది.