తాగనివాడి తూలుడు

"మా ఇంటాయన తాగలేదు సార్. కానీ తూలుతా ఉండాడు. ఎవరో తెలీకుండా తాపిస్తా ఉండారు. వాళ్లెవరో మీరే కనిపెట్టల్ల!"

తిరువళ్లూరు రైల్వేస్టేషన్ ఎదుట, మేడమీది గదిలో డిటెక్టివ్ సుదర్శనం ముందు నిలబడి చంద్రావతి మొరపెట్టుకుంది. ఆమె భర్త మునిస్వామి తిరుత్తణిలో నేతగాడు. ఆడికృత్తిక పండగకు కొండమీది సామికి కావడి ఎత్తుతానని మొక్కుకుని మాల వేసుకున్నాడు. మాల మీద ఉన్నవాడు వీధిలో తూలితే ఊరు ఊరుకుంటుందా? కావడి గుంపుకు పెద్ద అయిన పచ్చయ్యప్ప మాల తీసెయ్యమన్నాడు.

"ఆయనకు మూర్ఛ జబ్బుంది సార్. వ్రతమని ఆ మాత్రలు కూడా మానేసినాడు. సామి దయ, ఒక్కసారి కూడా మూర్ఛ రాలేదు."

"అట్లనా?" అన్నాడు సుదర్శనం.

సహాయకుడు వరదన్ నిటారుగా కూర్చున్నాడు. గురువుగారు "అట్లనా" అన్నారంటే ఎక్కడో ముల్లు తగిలినట్టే.

ఇద్దరూ తిరుత్తణి చేరేసరికి మునిస్వామి పడవలో నిలబడ్డవాడిలా కాళ్లు ఎడంగా వేసి ఎదురొచ్చాడు. వరదన్ ముక్కు ముందుకు చాచి వాసన చూశాడు. విభూతి వాసన తప్ప మరేం లేదు.

"వాసన చూసేకి నేనేమన్నా సాంబారా తమ్ముడూ?" అని మునిస్వామి నవ్వాడు. మాట ముద్దముద్దగా వచ్చింది. నవ్వినప్పుడు చిగుళ్లు ఉబ్బి కనిపించాయి.

సుదర్శనం తన వేలు చూపించి, "దీన్ని ముట్టి, తర్వాత నీ ముక్కు ముట్టుకో" అన్నాడు. మునిస్వామి వేలు గమ్యం దగ్గరపడే కొద్దీ వణికింది; ముక్కు దాటి చెంపను పొడిచింది. పక్కకు చూడమంటే కనుగుడ్లు నిలవకుండా ఎగిరెగిరి పడ్డాయి. చీరకు నూలెంత పడుతుందని అడిగితే మాత్రం తడుముకోకుండా సరిగ్గా చెప్పాడు.

వరదన్‌కు ఆకలేసింది. గిన్నెలో పంచామృతం కనబడితే చెయ్యి చాచాడు. మునిస్వామి తల్లి చెంగమ్మ ఆ చేతిమీద ఒక్కటిచ్చింది.

"అది నా కొడుక్కి!"

"ప్రసాదం ఒక్కడికేనా అవ్వా?"

ఆమె గిన్నె మీద మూత పెట్టేసింది. పోనీ అని మజ్జిగ చెంబు అందుకోబోతే చంద్రావతి లాక్కుంది. మొక్కు మునిస్వామిదైతే ఉపవాసం తనకొచ్చిందేమిటని వరదన్ నిట్టూర్చాడు. ఇదంతా చూసిన సుదర్శనం వీధి చివరి మందులషాపుకు వెళ్లొచ్చాడు.

సాయంత్రం అందరినీ మగ్గం చుట్టూ కూర్చోబెట్టాడు. పచ్చయ్యప్ప కూడా వచ్చాడు.

"తల వెనక, మెడకు పైన చిన్నమెదడని ఒకటుంది" అన్నాడు సుదర్శనం. "తేరును ఊరంతా లాగుతుంది. కానీ చక్రం కింద చెక్క వేసేవాడే దాన్ని తిప్పుతాడు, ఆపుతాడు. పెద్దమెదడు చెయ్యెత్తమంటుంది. ఎంత ఎత్తాలో, యాడ ఆపాలో చూసేది చిన్నమెదడు. అది చెడితే బుద్ధి బాగానే ఉంటుంది. నడక, మాట, చూపు తూలతాయి. సారాయి కూడా దాన్నే పట్టుకుంటుంది. అందుకే ఊరు పొరబడింది."

"మరి దీన్ని చెరిపినోడెవడు?" అన్నాడు పచ్చయ్యప్ప.

"ఇద్దరు. మాత్రలు మానినా మూర్ఛ రాలేదు, ఆ మాత్రలకు ఉబ్బే చిగుళ్లు తగ్గలేదు. అంటే మాత్రలు లోపలికి పోతానే ఉన్నాయి. షాపులో అత్త పొద్దున కొంటుంది, కోడలు సాయంత్రం కొంటుంది. మూర్ఛొస్తుందన్న భయంతో, ఒకరికి తెలీకుండా ఒకరు కలుపుతా ఉండారు: ఒకరు పంచామృతంలో, ఒకరు మజ్జిగలో. రోజుకు రెండింతల మందు!"

"నువ్వూనా?" అంది చెంగమ్మ.

"మీరూనా అత్తా?" అంది చంద్రావతి.

"ఇట్లే సాగితే చిన్నమెదడు మళ్లీ బాగుపడనంతగా ఎండిపోతుంది. రేపే డాక్టరు దగ్గరికి పోవాల" అన్నాడు సుదర్శనం.

మునిస్వామి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా మొక్కు?"

"మందు తింటే వ్రతం చెడినట్టే గదప్పా" అని పచ్చయ్యప్ప గొణిగాడు.

"అన్నా, మొక్కు తీర్చేకి దేహం వద్దా?" అని మెల్లగా అడిగాడు సుదర్శనం. "కొండమీదాయనకు ఇద్దరు దేవేరులు. చేతికిచ్చింది ఏమిటని ఆయనైనా అడిగి తాగుంటాడంటావా?"

పచ్చయ్యప్ప మూతి బిగబట్టి చూశాడు, ఆగలేక నవ్వేశాడు. "ఉండనీ మాల. నడక కుదిరితే ఎత్తుకో."

డాక్టరు కొన్నాళ్లు మందు ఆపి, తర్వాత ఒకే చేత్తో, ఒకే కొలతగా ఇమ్మంది. నడక రోజురోజుకూ కుదురుకుంది.

ఆడికృత్తికనాడు కొండమెట్ల మీద కావళ్లన్నీ పూనకంతో ఊగుతున్నాయి. పచ్చయ్యప్ప అయితే తూలి ఇద్దరిమీద పడ్డాడు. వాళ్ల మధ్య మునిస్వామి ఒక్కడే గీత గీసినట్టు ఎక్కుతున్నాడు.

"ఏమప్పా, నీకు సామి రాలేదా?" అని ఎవరో ఎగతాళి చేశారు.

"వచ్చినాడు" అన్నాడు మునిస్వామి. "అందుకే నేరుగా నడస్తా ఉండా."