కుడివైపు వంగిన అక్షరం

“నా అక్షరాల్ని ఇలా ఎవరు తోసేశారు?”

మినియాపొలిస్‌లోని ఆ చిన్న ఫాంట్ స్టూడియోలో మారిట్ గొంతు ఖంగుమంది. కొత్తగా చేరిన నీల్స్ నెమ్మదిగా చెయ్యెత్తాడు.

“నేనే. ఇటాలిక్, అంటే కుడివైపు వాలిన అక్షరాలు, కావాలన్నావుగా. కంప్యూటర్లో ఒక్క మీట నొక్కి వంచేశాను.”

“వంచితే ఇటాలిక్ అయిపోతుందా? ఆ ‘o’ చూడు, ఒక పక్క ఉబ్బి జారిపడేలా ఉంది. కొసలన్నీ వేలికొసల్లా గుండ్రంగా గీశాను. నువ్వు పిండి పారేశావు.”

నీల్స్ చూశాడు. నిజమే. కానీ అతనికి అక్షరాలకన్నా కోపంతో ఎర్రబడ్డ ఆమె చెవులే ఎక్కువ కనిపించాయి.

నాలుగింటికి ఐస్‌క్రీమ్ షాపు డాటీ వస్తుంది. కప్పుల మీదా బోర్డు మీదా ఈ గుండ్రటి అక్షరాలు కావాలో వద్దో ఇవాళే తేల్చేస్తుంది. వద్దంటే ఫాంట్ మూలన పడుతుంది, మారిట్ సియాటిల్ ఉద్యోగానికి వెళ్ళిపోతుంది. ఆ సంగతి పొద్దున కాఫీ దగ్గర ఆమే చెప్పింది. అప్పట్నుంచి నీల్స్‌కి కాఫీ సహించలేదు.

“జరుగు,” అంటూ మారిట్ అతని కుడిపక్కన కుర్చీ లాక్కుంది. “చేత్తో మళ్ళీ గీద్దాం. ‘g’ నాది, ‘a’ నీది. పాడుచేశావో, చంపేస్తా.”

బయట వాన. నీల్స్ గీశాడు, చెరిపాడు, మళ్ళీ గీశాడు. ఆమె భుజం తగిలినప్పుడల్లా గీత ఇంకాస్త ఆమెవైపే వాలింది.

డాటీ రాగానే ప్రింట్ గోడకి గుచ్చారు. అలవాటు ప్రకారం అందరూ ఎదురు గోడదాకా వెనక్కి నడిచారు. అంత దూరం నుంచి కూడా బాగుంటేనే అక్షరం పాసైనట్టు. డాటీ కళ్ళు చికిలించి చూస్తూ ఉండిపోయింది.

“ఆ ‘a’ ఎవరు గీశారమ్మా?” అంది డాటీ చివరికి.

“ఇతనే,” అంది మారిట్.

“ఐస్‌క్రీమ్ కరిగిపోతుందేమోనని పరిగెత్తుకొచ్చే పిల్లలా ఉంది. నాకు ఇదే కావాలి.”

ఆవిడ వెళ్ళాక నీల్స్ ఆగలేకపోయాడు.

“నేను ఫాంట్ కోసం గీయలేదు మారిట్. నువ్వు వెళ్ళిపోతావేమోనని భయమేసి గీశాను. నువ్వంటే నాకిష్టం.”

మారిట్ చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి. ఈసారి కోపం కాదు.

“రేపు ఇదే ఫాంట్‌కి లావు అక్షరాలు, అదే బోల్డ్, మొదలుపెట్టాలి. సియాటిల్‌కి తీరికేదీ? ఆ మీట జోలికి మాత్రం వెళ్ళకు.”

“నా మాటకి జవాబు?”

ఆమె గోడవైపు చూపించింది.

“నేను నీకు కుడిపక్కన కూర్చున్నాను. మిగతా అక్షరాలకన్నా నీ ‘a’ ఎంత ఎక్కువగా అటు వంగిందో చూడు. నాకు అప్పుడే తెలిసింది. తెలిసీ కుర్చీ జరుపుకోలేదుగా.”