కోటు మీద లేని పిన్ను

హోటల్ లిఫ్ట్ తలుపులు తెరుచుకున్నాయి. లోపల మనిషి అద్దానికి ఆనుకుని నిలబడే ఉన్నాడు. ప్రాణం మాత్రం లేదు. మెడ మీద సూది గుచ్చిన గుర్తు.

ఆ ఫొటోను చీఫ్ లోర్నా ప్రూయిట్ బల్ల మీద పడేసింది. "మన మొదటి సాక్షి. ఇక మిగిలింది ఇల్మా. ముఠాలోంచి పారిపోయి వచ్చిన మనిషి. రేపు అమెరికా కాంగ్రెస్ సబ్‌కమిటీ ముందు తలుపులు మూసి నోరు విప్పుతుంది. ఈ ఊళ్లో ఆ ముఠాకి ఎవరెవరు అమ్ముడుపోయారో పేర్లతో సహా చెబుతుంది."

"హోటల్ సంగతి ఎవరికి తెలుసు?" అన్నాడు ఏజెంట్ క్లే వెండార్ఫ్.

"మనకి. సబ్‌కమిటీ చైర్మన్ ఆఫీసుకి."

"ఆరిన్ హాల్డర్సన్ ఆఫీసా?" క్లేకి నవ్వొచ్చింది. "ఆయన ఆఫీసులో దొంగలుంటే చర్చిలో కూడా ఉంటారు."

"ఉండరా ఏంటి?" అంది లోర్నా. "వివియన్ సోరెల్ అని, సభ్యుల చుట్టూ పైరవీలు చేసే లాబీయిస్టు అక్కడే తచ్చాడుతోంది. ఓ కన్నేసి ఉంచు. హాల్డర్సన్‌కి కూడా ఒక్క ముక్క చెప్పొద్దు."

క్లే తలూపాడు. కానీ హాల్డర్సన్ దగ్గర దాచడమంటే అతనికి సొంత తండ్రి దగ్గర దాచినట్టే. మిలిటరీ అకాడమీలో చేరాలంటే ఆ ప్రాంతపు కాంగ్రెస్ సభ్యుడు పేరు ప్రతిపాదించాలి. మినెసోటాలో బీట్‌రూట్ పొలం తప్ప మరేమీ లేని విధవరాలి కొడుకు పేరు ఎవరు ప్రతిపాదిస్తారు? జడ్జిగారి అబ్బాయిని కాదని హాల్డర్సన్ ప్రతిపాదించాడు. పైగా ఇంటికొచ్చి, వంటగదిలో కూర్చుని, అమ్మ ఓవెన్‌లో మాంసం, బంగాళదుంపలతో చేసిన హాట్‌డిష్ రెండు పళ్లేలు తిని, "ఇక వీడు నావాడమ్మా" అన్నాడు. ఆనాటి ఫొటో అమ్మ ఫ్రిజ్ మీద ఇంకా ఉంది.

తొమ్మిదిసార్లు గెలిచిన మనిషి. పద్దెనిమిదేళ్లలో ఒక్క ఓటింగుకీ గైర్హాజరు కాలేదు. ఊరేగింపుల్లో ట్రాక్టర్ ఎక్కినా, ఆదివారం ప్రార్థనకు వెళ్లినా, కోటు మీద కాంగ్రెస్ సభ్యులకిచ్చే గుర్తింపు పిన్ను ఉండాల్సిందే. ఈ ఏడాదితో రిటైరవుతున్నాడు.

మర్నాడు క్లే గడియారాలు బాగుచేసే మనిషి వేషంలో, నిచ్చెన భుజానేసుకుని ఆయన గదిలోకి వెళ్లాడు. హాల్డర్సన్ కళ్లజోడు పైనుంచి చూశాడు.

"మీసం వంకరైంది, సరిచేసుకోరా క్లే."

అంతే. చీఫ్ మాట గాలికి పోయింది. "సార్, ఇల్మాని పై అంతస్తుకి తీసుకురావడం లేదు. బేస్‌మెంట్ గదికి మార్చాం. నేను ఆ తలుపు పక్కనే నిచ్చెన మీద ఉంటాను. మీ ఆఫీసులో ఎవరికీ చెప్పకండి."

"నా కడుపులోంచి బయటికి రాదు. జాగ్రత్తరా బాబూ. మీ అమ్మకి మాటిచ్చాను నేను." పెద్దాయన లేచి గట్టిగా కౌగిలించుకున్నాడు.

ఎప్పుడూ చెంపకి గుచ్చుకునే పిన్ను ఈసారి గుచ్చుకోలేదు.

"పిన్నేది సార్?"

"ఇంకో కోటుకుంది. డ్రైక్లీనింగ్‌కి పోయింది. నీ పని చూసుకో ఫో."

ఈ కోటుకి కూడా పిన్ను పెట్టిపెట్టి పడిన చిల్లు కనిపిస్తూనే ఉంది. వయసైపోయింది, మరిచిపోయి ఉంటాడులే అని క్లే తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. మనం ప్రేమించినవాళ్ల తరఫున వకీలు మనమే కదా.

బేస్‌మెంట్ కారిడార్ కిటకిటలాడుతోంది. సభ్యులు, సహాయకులు, కాఫీ కప్పులు. క్లే నిచ్చెనెక్కి గోడ గడియారం మూత తీశాడు. కింద హైహీల్స్ చప్పుడు ఆగింది. ఎర్రటి పెదాలు, నల్లటి గౌను, తల తిప్పుకోనివ్వని అందం. వివియన్ సోరెల్.

"మీ ఊళ్లో చెరువు గడ్డకట్టిందా?" అంది మెల్లగా.

క్లే స్క్రూడ్రైవర్ జారింది. అది లోర్నా మనుషుల సంకేతం. "అంచుల్లో మాత్రమే" అన్నాడు బదులు సంకేతంగా.

"మూడేళ్లుగా ఆ ముఠాలో ఉన్నాను, మనవైపు నుంచి."

"లోర్నా నాకు చెప్పలేదే!"

"నువ్వు హాల్డర్సన్ మనిషివి. నీకెందుకు చెబుతుంది?" మాటలో వేళాకోళం లేదు. "విను. హంతకుడు లోపలికొచ్చేశాడు. మొహం నేను చూడలేదు. సభ్యుడి పిన్ను పెట్టుకుని, మెటల్ డిటెక్టర్ దాటకుండా వచ్చాడట. అసలైన పిన్నే."

సభ్యుల్ని తనిఖీ చేయరు. కొత్త సభ రాగానే పిన్ను కొత్తది వస్తుంది, పాతది చెల్లదు. మనిషికి ఒక్కటే ఇస్తారు. పిన్ను లేని మనిషిని క్లే ఇప్పుడే కౌగిలించుకుని వచ్చాడు.

ఏడవడానికి టైము లేదు. కారిడార్ చివర లిఫ్ట్ తెరుచుకుంది. ఇద్దరు గార్డుల మధ్య ఇల్మా దిగింది. ఆమెకీ తలుపుకీ మధ్య డజన్లకొద్దీ నీలం సూట్లు, అందరి కోట్ల మీదా అదే పిన్ను. వీళ్లలో ఎవడు?

గంట మోగింది. మళ్లీ మోగింది. ఓటింగు.

కాంగ్రెస్‌లో ఆ గంట విని కదలని సభ్యుడుండడు. చేతిలో కప్పులు ఆగిపోయాయి, జోకులు సగంలో తెగిపోయాయి. ఓటింగు నడిచినంతసేపూ గడియారం పక్కన వెలిగే దీపాల కోసం అన్ని తలలూ పైకి లేచాయి. నిచ్చెన మీదున్న క్లేకి అన్ని మొహాలూ కనిపించాయి.

ఒక్క నెరిసిన తల మాత్రం లేవలేదు.

అందరూ సభవైపు మళ్లారు. అతనొక్కడే ఎదురు నడిచాడు. చేతిలో ఫౌంటెన్ పెన్ను, దాని మూత ఊడింది, కొసన సూది మెరిసింది. క్లే నిచ్చెన మీంచి అమాంతం అతని మీదికి దూకాడు. ఇల్మా జబ్బకి వెంట్రుకవాసి దూరంలో సూది ఆగిపోయింది. వివియన్ హైహీల్ అతని మణికట్టు మీద దిగింది.

"ఇంకోటుంది!" అరిచింది ఆమె. నిజమే. జేబులో అలాంటిదే రెండో పెన్ను.

క్లే వెళ్లేసరికి హాల్డర్సన్ తన గదిలోనే కూర్చుని ఉన్నాడు.

"ఓటింగుకి వెళ్లలేదేం సార్?"

పెద్దాయన మొహం పాలిపోయింది. "ఇల్మా..."

"బతికే ఉంది. లోర్నాకి పేర్లు చెబుతోంది, మీ పేరుతోనే మొదలుపెట్టింది."

హాల్డర్సన్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "పోయిన ఎన్నికల్లో ఓడిపోవాల్సినవాణ్ణిరా. వాళ్లు ప్రత్యర్థిని లేకుండా చేశారు, నేను గెలిచాను. ఇక్కడ లిఫ్టు నడిపేవాడికి కూడా నా పేరు తెలుసు. ఇంటికి పోతే నేనెవణ్ణి?"

"మీరు మా ఫ్రిజ్ మీద ఉన్నారు సార్" అన్నాడు క్లే.

"నిన్ను తాకబోమన్నారు... తాకనే తాకబోమన్నారు. ఒట్టురా."

క్లే రెండు పెన్నుల్నీ ఆయన ముందు పెట్టాడు. "ఒకటి ఇల్మాకి. తలుపు పక్కన నిచ్చెన మీద ఎవరుంటారో చెప్పింది మీరే. రెండోది ఎవరికి సార్?"

హాల్డర్సన్ పెన్నులవైపు చూడలేకపోయాడు. లోర్నా మనుషులు వచ్చి ఆయన్ని లేవదీశారు. గుమ్మం దగ్గర ఆగి, అలవాటు చావక గడియారంవైపు చూశాడు. "ఇంకా టైముంది. ఒక్క ఓటు వేసి వస్తానురా. పద్దెనిమిదేళ్లు ఒక్కటి కూడా తప్పలేదు..."

గడియారం పక్కన చివరి దీపం ఆరిపోయింది. క్లే పక్కకి తిరిగి, అతికించిన మీసాన్ని పీకేసుకున్నాడు. మంట పుట్టింది. కళ్లలో నీళ్లకి ఆ మంటే కారణమని గార్డులు అనుకున్నారు.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. "ఆరిన్‌గారు రిటైరవుతున్నారటగా నాన్నా! ఆ మహానుభావుడికి హాట్‌డిష్ చేసి తీసుకురానా?"

"తెస్తే తే అమ్మా" అన్నాడు క్లే. "కాకపోతే ఇకనుంచి ఆయన్ని చూడాలంటే మెటల్ డిటెక్టర్ దాటాలి."