ముప్పై ఆరున్నర గీతలు

ఆమె నాతో అన్న మొట్టమొదటి మాట, "వదలండి."

నేను వదల్లేదు. ఆదివారం పాతసామాన్ల బజారులో ఒకే ఆకుపచ్చ గాజు యాష్‌ట్రేకి అటువైపు ఆమె చెయ్యి, ఇటువైపు నా చెయ్యి. సరిగ్గా అప్పుడే చినుకులు మొదలయ్యాయి. దుకాణదారు మా ఇద్దర్నీ ఎగాదిగా చూసి, గొడుగు మాత్రం తన సామాన్ల మీద పట్టాడు.

"నేను ముందు చూశానండీ," అంది.

"చూడ్డానికేం, ఎవరైనా చూస్తారు. పట్టుకుంది నేను."

"రోజుకి ఎన్ని కాలుస్తారేంటి?"

"ఒక్కటి కూడా కాల్చను. ఇందులో చిన్న మొక్క పెడతాను. మీరో?"

"నేను సబ్బు పెట్టుకుంటాను."

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. నవ్వులో నా పట్టు సడలింది. ఆమె ఎంచక్కా దాన్ని సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది.

పాత యాష్‌ట్రేలు ఏరుకొచ్చి ఇంటి అలంకరణ సామాన్లుగా మార్చడం నా వృత్తి. కొన్ని కొవ్వొత్తి స్టాండ్లవుతాయి, కొన్ని గుమ్మం దగ్గర తాళాలు పడేసుకునే పళ్ళేలవుతాయి. మూడింటిని ఒక ఇత్తడి కడ్డీకి గుచ్చితే నగల స్టాండు. జనం సిగరెట్లు మానేశారో, చాటుగా కాలుస్తున్నారో తెలీదు గానీ సరుకుకి మాత్రం కొదవలేదు. నాకో గొప్ప కూడా ఉండేది. సిగరెట్ ఆనించే నొక్కుల్ని టంకంతో పూడ్చేసి, ఒక్క మరక, ఒక్క గీత మిగలకుండా మెషిన్ మీద పాలిష్ పట్టేవాణ్ణి. అది ఒకప్పుడు యాష్‌ట్రే అని ఎవరూ కనిపెట్టలేకపోతే నేను గెలిచినట్టు.

వారం తిరక్కుండానే ఆమె ఆ దుకాణదారుని అడిగి నా వర్క్‌షాపు వెతుక్కుంటూ వచ్చింది. గాజులో సబ్బు నిలవడం లేదట, జారిపోతోందట. అది వంక అని ఇద్దరికీ తెలుసు. కళ్ళజోళ్ళ షాపులో చూపు పరీక్ష చేసే ఉద్యోగం ఆమెది. నాకు 'బూడిదగారు' అని పేరు పెట్టేసింది.

"బూడిదగారూ, అన్నీ ముక్కుకి ఆనించుకుని చూస్తున్నారు. ఒకసారి షాపుకొస్తే మీ కళ్ళు చూస్తాను."

"ఇక్కడే చూడొచ్చుగా?"

"ఇంటికొచ్చి చూస్తే ఫీజు ఎక్కువండీ!" అని చటుక్కున తల తిప్పుకుంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. నేను ఆ పూట పాలిష్ పట్టాల్సిన దానికి రంగు వేసేశాను.

అలా నాలుగు నెలలు గడిచాక, ఒకరోజు గుడ్డలో చుట్టిన బరువైన ఇత్తడి యాష్‌ట్రే తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"మా నాన్నది. ఆయన పోయి ఏడాదైంది. దీన్ని అమ్మ పారేయనివ్వదు, కంటికి కనపడనివ్వదు. 'నా మాట మీద ఒక్కరోజైనా మానాడా ఆ మనిషి' అని ఇప్పటికీ కోపం. ఇంట్లో పెట్టుకునేలా ఏదైనా చేయండి. మరీ మార్చేయకండి."

"నా చేతిలో పడ్డాక దాన్ని మీరే గుర్తుపట్టలేరు," అన్నాను, అదేదో ఘనకార్యమైనట్టు.

ఆమె ఏదో చెప్పబోయి, వెళ్ళొస్తానంది.

పని మొదలుపెట్టే ముందు లోపాలన్నీ లెక్కపెట్టుకోవడం నా అలవాటు. యాష్‌ట్రే బోర్లించి చూస్తే అడుగున సూదితో గీసిన గీతలు. ముప్పై ఆరు నిండు గీతలు, చివర ఒక సగం గీత. ఎవరో ఓపిగ్గా గీశారని తెలుస్తూనే ఉంది. ఆమెని అడుగుదామని ఫోన్ తీశాను. అడిగితే సర్‌ప్రైజ్ పోతుందని పెట్టేశాను. అప్పటికే ఉంగరం కొని ఉంచాను మరి! అందులో ఉంగరం పెట్టి, నన్ను చేసుకుంటారా అని అడగాలని నా ప్లాను.

పది నిమిషాల్లో అడుగుభాగం అద్దంలా మెరిసింది. ఆ పది నిమిషాలు వెనక్కొస్తే నా చేతులు నేనే కట్టేసుకుంటాను.

మర్నాడు ఆమె వచ్చింది. నేను జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. పైన నేను పడ్డ కష్టాన్ని చూడనైనా చూడకుండా, దాన్ని బోర్లించింది.

"గీతలేవి?"

"ఏ గీతలు?"

"కింద ఉండాలి. సిగరెట్ ముట్టని రోజుకి ఒకటి చొప్పున గీశానని ఆస్పత్రిలో నాన్న చెప్పాడు. ఏడాదిగా తిప్పి చూసే ధైర్యం లేకపోయింది. మీరు పక్కనుంటే చూడగలననుకున్నాను. కింద మెరుగు ఎవరు పెడతార్లే అని ముందు చెప్పలేదు."

నిజం చెప్తే ఈమె ఇక నా మొహం చూడదు. ఆ భయమే నా చేత మాట్లాడించింది.

"లేవండీ. నేను చూసినప్పుడు కింద ఏమీ లేదు."

ఆమె చాలాసేపు ఆ మెరుపులోకి చూసింది. "అయితే నా సంతోషం కోసం అబద్ధం చెప్పాడన్నమాట," అని నవ్వబోయి, నవ్వలేకపోయింది. పాలిష్ బాగుందని మెచ్చుకుని మరీ వెళ్ళింది. ఉంగరం నా జేబులోనే ఉండిపోయింది.

ఆ తర్వాత కూడా వస్తూనే ఉంది, నవ్విస్తూనే ఉంది. నాన్న ఊసు మాత్రం ఎత్తడం మానేసింది. నేను నోరు మూసుకుంటే ఆమె నాకు దక్కుతుంది. తండ్రి మాత్రం ఆమె దృష్టిలో అబద్ధాలకోరుగానే మిగిలిపోతాడు. పదకొండు రోజులు నాకు అన్నం సహించలేదు.

పన్నెండో రోజు వానలో తడుస్తూ వాళ్ళ షాపుకి వెళ్ళాను.

"ఎట్టకేలకు వచ్చారా బూడిదగారూ!" అంటూ కుర్చీలో కూర్చోబెట్టి, నా మొహానికి లెన్సుల ఫ్రేమ్ తగిలించింది. "కింది వరస చదవండి."

"ముప్పై ఆరు."

"అక్కడ అంకెలు లేవండీ, అక్షరాలు."

"ముప్పై ఆరు గీతలు. చివర ఇంకో సగం. నేనే చెరిపేశాను."

ఆమె ఫ్రేమ్ తీసి మెల్లగా ట్రేలో పెట్టింది.

"లేవన్నారు."

"అబద్ధం చెప్పాను."

"ఇన్ని రోజులూ నేను నాన్నని అనుమానిస్తుంటే, మీకు తెలుసు."

"తెలుసు."

కళ్ళు తుడుచుకుంది. "ఆ సగం ఎందుకు?" అంది.

"తెలీదు."

"మధ్యాహ్నం దాకా ఆగుంటాడు." ఏడుపులోనే నవ్వింది. "సగం రోజు ఆగాడు కాబట్టి సగమే గీసుకున్నాడు. మా నాన్న అలాంటి మనిషి."

నేనెలాంటి మనిషినో ఆమె అనలేదు. అనకపోయినా నాకు వినపడింది.

"పదండి. అమ్మకి మీ నోటితోనే చెప్పాలి. చెరిపేసిన సంగతితో సహా."

దారి పొడుగునా ఆమె గొడుగు ఆమెదే, నా తడి నాదే.

వాళ్ళమ్మగారు అంతా విన్నారు. తిడతారని సిద్ధపడి కూర్చున్నాను. తిట్టలేదు. యాష్‌ట్రేని ఒళ్ళో బోర్లించుకుని, నున్నటి అడుగు మీద వేలితో వెతికారు.

"ఎన్నన్నావు బాబూ?"

"ముప్పై ఆరున్నరండీ."

"వరసగా ఉన్నాయా?"

"వరసగానే ఉన్నాయండీ. చివరికొచ్చేసరికి కొంచెం వంకరపోయాయి."

"చెయ్యి వణికుంటుంది. నాతో ఒక్క మాట చెప్పలేదు చూడు." ఆవిడ మళ్ళీ ఆ అడుగు తడిమారు. "ఇంకోసారి చెప్పు నాయనా."

చెప్పాను. మళ్ళీ అడిగారు. మళ్ళీ చెప్పాను. తిట్టి ఉంటే నయమనిపించింది.

వెళ్ళేటప్పుడు ఆమె గుమ్మం దాకా వచ్చింది.

"మిమ్మల్ని క్షమించేశానని అనుకోకండి."

"అనుకోవడం లేదు."

"ఆ గీతల్ని చూసినవాళ్ళు మీరొక్కరే ఉన్నారు. నా ఏడుపంతా అదే." వానకేసి చూసింది. "ఎల్లుండి రండి. అమ్మ మళ్ళీ అడుగుతుంది."

ప్రేమిస్తున్నానని చెప్పే మొహం నాకు లేదు. వస్తానని మాత్రం చెప్పాను.